ముడి కింద నార

ఆ ఎండాకాలం నాకు ఎండ తెలియలేదు. గొప్పకు చెప్పడం లేదు. నెత్తి మీద రేకులు కాలి పటపటమంటుంటే, మామయ్య పూటకు రెండుసార్లు తల మీద నీళ్లు గుమ్మరించుకుంటుంటే, నేను చెమటతో తడిసిన బట్టల్లోనే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని నారపోగులు లాగుతూ ఉండేదాన్ని. "ఉక్కగా లేదూ?" అని ఎవరైనా అడిగితే కాసేపు ఆలోచించుకుని "ఉంది" అనేదాన్ని.

మా ఆయన చలికాలం చివర పోయారు. పొద్దున్నే షెడ్డుకు వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పబోతూ కూలబడ్డారు. గుండె అన్నారు డాక్టరు. నలభై నిండని మనిషికి గుండె ఏమిటని అందరూ అడిగారు. నేను అడగలేదు. వచ్చినవాళ్లంతా నన్ను ఏడవమన్నారు, ఏడిస్తే బరువు దిగుతుందట. నాకు బరువు కూడా తెలియలేదు. పన్ను పీకించుకున్నాక చెంప మొద్దుబారుతుందే, ఒళ్లంతా అలా ఉండిపోయింది. చెంపకైతే సాయంత్రానికి తెలివొస్తుంది.

మాది నార పని. ముళ్ల కొసల కిత్తనార ఆకుల నుంచి గీకిన నార మా షెడ్డుకు మోపులుగా వస్తుంది. అత్తయ్య దువ్వుతుంది. మామయ్య బేరాలు చూస్తారు. ఆయన కాస్టిక్ సోడా తొట్టిలో నానబెట్టి, కడిగి, పిండి ఆరేసేవారు. నేను పరీక్ష చేస్తాను. అక్కడి నుంచి నార కుర్చీల కంపెనీకి వెళ్తుంది. వాళ్లు దాన్ని రెజిన్ బంకతో కలిపి, అచ్చుల్లో నొక్కి కుర్చీ వీపులు చేస్తారు. పచ్చి నార ఒంటి మీద పుట్టుకతోనే మైనం ఉంటుంది. మైనం మీద బంక నిలవదు. కాస్టిక్ ఆ మైనాన్ని ఒలిచేస్తుంది. పనిలో పనిగా చేతుల తోలునూ, కింద కాలవలో చేపలనూ కూడా ఒలిచేస్తుంది, అది వేరే సంగతి.

ఆ వేరే సంగతే చివరికి అసలు సంగతి అయింది. కాలవ కిందివాళ్లు వెళ్లి కంపెనీ గేటు ముందు కూర్చున్నారు. కాస్టిక్‌లో ముంచిన నార ఇకమీదట కొనబోమని కంపెనీ మాకు చెప్పేసింది. ఆయన పోయిన కొన్నాళ్లకే ట్యాంకరు వచ్చి మా తొట్టిని తోడుకుపోయింది. బదులుగా తెల్లటి డ్రమ్ములు దించారు. మూత తీస్తే లోపల పలచటి జావలాంటిది ఉంది. వాసన లేదు, వేలు పెడితే కాలదు. డ్రమ్ము మీద నానో సెల్యులోజ్ అని రాసి ఉంది.

"ఏంటే ఇది?" అని అడిగింది అత్తయ్య.

"కొత్తదేం కాదత్తయ్యా, మొక్కల్లో ఉండే పీచే. కంటికి కనపడనంత సన్నగా చీల్చి నీళ్లల్లో కలిపారు. మన నార ఇందులో ముంచితే ఆ సన్న పోగులు వెళ్లి దానికి అతుక్కుంటాయి. నున్నటి నారకి నూగు వస్తుంది. ఆ నూగుని బంక పట్టుకుంటుంది."

"అంటే గంజి."

"గంజి కాదండీ, ఇది..."

"బట్టకి పెడితే గంజి, నారకి పెడితే నానోనా?" అంది అత్తయ్య మూత పెట్టేస్తూ. "గంజే."

ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు గంజి. కొన్నాళ్లకు నేను కూడా గంజి అనే అన్నాను.

*

ఎండలు ముదిరాక కంపెనీ నుంచి పరీక్షల మేడమ్ వచ్చింది. నా ఈడే ఉంటుంది. షెడ్డు నేల తడిగా ఉందని చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. ముందుగా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "సార్ విషయం తెలిసిందండీ. చాలా మంచి మనిషి. అంత పద్ధతైన మనిషిని చూడలేదు" అంది.

నేను తల ఊపాను. ఆవిడ ఆయనను చూసింది రెండు మూడుసార్లు. చూసినప్పుడల్లా చీటీల మీద తేదీ వేయడం మరిచిపోయారని తగువు పెట్టుకుంది. కానీ ఆయన పోయాక అందరికీ ఆయన పద్ధతైన మనిషే. ఇంటికి వచ్చేవాళ్లు ఆయన గురించి ఇంకెవరి గురించో చెబుతున్నట్టు చెప్పేవారు. మా ఇంట్లోనైతే అసలు ఆయన మాటే ఎత్తేవాళ్లం కాదు.

మేడమ్ మామయ్యతో విషయం చెప్పింది. "కొత్త నార పాతదాని కంటే బాగుండాలని నేను అనట్లేదండీ. తక్కువ కాకూడదు, అంతే. రెండూ పక్కపక్కన పెట్టి లాగి చూపించండి. వానలు పడేలోపు తేలిపోవాలి, తర్వాత మీకు నార ఆరదు కదా. తేలితే ఆర్డరు మీకే."

"తక్కువైతే?"

"వేరేచోట చూసుకోమంటారు మా వాళ్లు. నా చేతుల్లో లేదు."

"పాతదంటే ఏ పాతదమ్మా? తొట్టే లేదుగా ఇప్పుడు."

"మీ సాక్షి కట్ట ఉందిగా."

అందరం గోడ వైపు చూశాం. ప్రతి విడత నారలోంచీ ఒక కట్ట విడిగా తీసి, తొట్టిలో వేసే ముందే మెడ దగ్గర తాడు చుట్టి బిగించి, ముంచి కడిగాక విడత చీటీ కట్టి మేకుకు తగిలిస్తాం. తర్వాత ఏదైనా పేచీ వస్తే సాక్ష్యానికి పనికొస్తుందని. తర్వాతి విడత రాగానే పాత సాక్షి తాళ్లు పేనడానికి పోతుంది, కొత్తది మేకెక్కుతుంది. ఇప్పుడు వేలాడుతున్నది తొట్టిలోంచి తీసిన ఆఖరి విడతది. ఆయన కట్టారు, ఆయన ముంచారు, ఆయనే పిండారు. ఆయన చేతి పని ఇంట్లో అదొక్కటే మిగిలింది.

మామయ్య నీళ్లు నమిలారు. "అది కాకుండా... బకెట్లో కాస్త కాస్టిక్ కలిపి ఒక గుప్పెడు ముంచిస్తే సరిపోదా?"

"మా కుర్చీల్లోకి వెళ్లింది ఆ విడతేనండీ. దాంతోనే పోల్చాలి."

"పరీక్ష చేశాక నార మళ్లీ ఇస్తారా?" అత్తయ్య అడిగింది.

"లాగిన పోగు పోయినట్టేనమ్మా. మిగలదు."

మేడమ్ వెళ్లిపోయాక ముగ్గురం తిండి దగ్గర కూర్చున్నాం. మామయ్య కంచంలోకి చూస్తూ మాట్లాడారు. "ఇది కుదరకపోతే షెడ్డు అమ్మేద్దాం. మేమిద్దరం మా చెల్లెలి దగ్గరికి పోతాం. నువ్వు మీ అన్నయ్య దగ్గరికి వెళ్లమ్మాయ్. నీకింకా బోలెడు బతుకుంది."

అన్నయ్య అప్పటికే ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. వదిన నా కోసం వెనక గది ఖాళీ చేసిందట, కిటికీకి కొత్త పరదా కూడా వేసిందట. అత్తయ్య నా మొహం చూసింది. ఈ ఇల్లైనా ఆ గదైనా నాకు ఒకటే అనిపించింది. ఆ మాట పైకి అంటే బాగుండదని ఊరుకున్నాను.

"కట్ట నేను దించి ఇస్తాలే. దుమ్ము పట్టింది, శుభ్రం చేసి ఇస్తా" అంది అత్తయ్య.

రెండు మూడు రోజుల తర్వాత ఇచ్చింది. ఒక్క పోగు పక్కకు పోకుండా దువ్వి, ఆరబెట్టి, పసిపిల్లను అందించినట్టు రెండు చేతులతో అందించింది.

*

నా పరీక్ష చూడ్డానికి చాలా చిన్నది. ఒక నారపోగు తీసుకుని, దాని మీద సూదితో రెజిన్ చుక్క పెడతాను. చుక్క గట్టిపడ్డాక దాన్ని రెండు రేకుల మధ్య ఇరికిస్తాను. పోగు కొసను యంత్రం పట్టుకుని మెల్లగా లాగుతుంది. ఎంత బలానికి పోగు చుక్కను విడిపించుకుని బయటికొస్తుందో ముల్లు చూపిస్తుంది. ఎవరు ఎవరిని ఎంత గట్టిగా పట్టుకున్నారో కొలవడమే నా ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో ఆయన దీని మీద ఏదో వేళాకోళం చేసేవారు. అదేమిటో ఆ వేసవిలో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ముందు పచ్చి నార లాగాను. ఐదు దగ్గరే జారిపోయింది. తర్వాత గంజి పెట్టిన నార. తొమ్మిది, తొమ్మిదిన్నర. ఫరవాలేదు అనుకున్నాను. ఆ తర్వాత సాక్షి కట్ట కింది కొస నుంచి పోగులు కత్తిరించి చుక్కలు పెట్టాను.

పన్నెండు దాటింది.

ఇంకొకటి లాగాను. అదీ అంతే. ఆ రోజంతా లాగాను, మర్నాడూ లాగాను. లాగిన పోగులు బల్ల మీద చిన్న కుప్ప అయ్యాయి. మామయ్య వచ్చి నా వెనక నిలబడి ముల్లు వంకే చూస్తూ ఉండిపోయారు.

"తప్పేం లేదుగా?"

"లేదు మామయ్యా. అన్నీ అలాగే వస్తున్నాయి."

"వాడి చెయ్యే వేరు" అన్నారు. స్టూలు లాక్కుని కూర్చుని మోకాళ్లు నిమురుకున్నారు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీడు పోయాక ఇంట గెలిచాడు. రచ్చలో మన పని అయిపోయింది."

అత్తయ్య దువ్వెన పక్కన పెట్టి వచ్చింది. "ఎవరిది ఎక్కువొచ్చింది?"

"మీ అబ్బాయిదే" అన్నాను.

ఆవిడ నవ్వింది. చలికాలం తర్వాత ఆ మొహంలో నవ్వు అదే మొదటిసారి. "ఎంత?" అని అడిగింది. పన్నెండని చెప్పాను. పన్నెండు, పన్నెండు అని తనలో తను అనుకుంటూ మళ్లీ దువ్వడానికి వెళ్లిపోయింది. ఆ అంకెకు అర్థం ఏమిటో ఆవిడకు చెప్పబోతుంటే మామయ్య చెయ్యి ఎత్తి ఆపారు. "ఇప్పుడే వద్దు. ఒక్క రోజు సంతోషపడనీ" అన్నారు.

ఆ రాత్రి అన్నయ్య ఫోను చేస్తే, వస్తాలే అన్నాను.

*

షెడ్డు కొనడానికి ఒక గోదాము ఆసామి వచ్చాడు. టేపు ఒక కొస మామయ్యకు పట్టుకోమని ఇచ్చి గోడలు కొలుస్తున్నాడు. కొడుకు పోయినప్పుడు కూడా వంగని మామయ్య నడుం ఆ టేపు పట్టుకుని వంగింది. నేను కంపెనీకి పంపాల్సిన లెక్కలకు పోగుల మందం కొలుస్తున్నాను. మందం కొలిచేటప్పుడు మైక్రోస్కోపులో పోగు అంచులు మాత్రమే చూస్తాం. కింద నుంచి దీపం వెలుగుతుంది, పోగు నల్లటి గీతలా కనిపిస్తుంది. దాని ఒంటి మీద ఏముందో ఎవరికీ పట్టదు. అందులోనూ ఆ వేసవిలో నాకు అసలే పట్టేది కాదు.

ఆ పూట కింది దీపం మాడిపోయింది. కొత్తది తేవడానికి బద్ధకించి, మైక్రోస్కోపును కిటికీ వైపు జరిపి పగటి వెలుతురులోనే చూశాను. ఆయన పోగు మీద సన్నటి తెల్లటి పొర ఉంది. అక్కడక్కడా బూజులాగా నూగు లేచి ఉంది. కాస్టిక్ నారకు నూగు ఉండదు. మైనం పోయి గీతలు గీతలుగా, బోడిగా ఉంటుంది. ఇంకో పోగు పెట్టాను. దానికీ నూగే ఉంది.

కట్ట పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. అత్తయ్య బల్ల మీద మామయ్య చొక్కాకు గంజి పెడుతోంది. ఇది అసలు గంజి. షెడ్డు బేరానికి మామయ్య రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాలి కదా, అందుకని.

"అత్తయ్యా, ఈ కట్టని ఏం చేశారు?"

"ఏం చేశా? దుమ్ము దులిపా."

"డ్రమ్ములో ముంచారా?"

"ముంచా" అంది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "పదిమంది ముందుకి వెళ్తోంది కదా. తక్కినవన్నీ గంజి పెట్టుకుని నిగనిగలాడుతుంటే వాడిదొక్కటే పీలగా వేలాడితే ఏం బాగుంటుంది? వాడి చొక్కా ఒక్కసారైనా గంజి పెట్టకుండా బయటికి పంపానా నేను? ఆఖరి రోజు కూడా గంజి పెట్టిందే వేశాం."

నాకు కోపం వచ్చింది. అది కోపమని తెలుసుకోవడానికే కాసేపు పట్టింది. చెవులు వేడెక్కాయి, ఆపై అరిచేశాను.

"అందుకే పన్నెండు వచ్చింది! కాస్టిక్‌తో మైనం పోయింది, దాని మీద మీ గంజి నూగు ఎక్కింది. రెండు పనులు చేసిన నారతో ఒక్క పని చేసిన నార ఎలా నిలబడుతుందత్తయ్యా? కొత్తది తక్కువైందని కంపెనీ ఆర్డరు ఇవ్వదు. ఆ టేపు పట్టుకుని కొలుస్తున్నాడే, ఎందుకు కొలుస్తున్నాడనుకున్నారు?"

అత్తయ్య చేతులు గంజి గిన్నెలో అలాగే ఉండిపోయాయి. షెడ్డు గురించి అడుగుతుందనుకున్నాను.

"అయితే ఆ పన్నెండు వాడిది కాదా?" అంది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. "కాదత్తయ్యా" అన్నాను.

అరుపు విని మామయ్య వచ్చారు. విషయం విన్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఇంకో గుప్పెడు కాస్టిక్‌లో ముంచి, ఈ చీటీ తీసి దానికి కట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"మసిపూసి మారేడుకాయ చేద్దామంటారా మామయ్యా?"

"మరేం చేద్దాం? నువ్వే చెప్పు."

"వాడి చీటీ ఇంకోదానికి కడతారా?" అత్తయ్య లేచి నిలబడింది. మోచేతుల నుంచి గంజి కారుతోంది. "మీకు నోరెలా వచ్చిందండీ ఆ మాట అనడానికి? ఎక్కువో తక్కువో, వాడిది వాడిదే. కావాలంటే షెడ్డు అమ్మేయండి. ఆ చీటీ ముట్టుకుంటే మాత్రం ఊరుకోను."

మామయ్య గిన్నెలోని చొక్కా వంక చూశారు. అత్తయ్య దాన్ని కాలరు దగ్గర పట్టుకుని ముంచింది, కాలరు గిన్నె అంచు మీదే ఉంది. కాలరు తడవలేదు. ఆవిడ ఏ బట్టైనా అలాగే ముంచుతుంది, కాలరుకు ఆఖర్న విడిగా పూస్తుంది.

"అత్తయ్యా, కట్టని ఎక్కడ పట్టుకుని ముంచారు?"

ఆవిడ చెయ్యి గాల్లోనే ఒకసారి ముంచి చూసుకుంది. "మెడ పట్టుకుని. ముడి దగ్గర."

"తాడు మీద కూడా గంజి పూశారా?"

"తాడుకెందుకు గంజి?"

కట్టను అటూ ఇటూ తిప్పి చూశాను. తాడు వరసలు వరసలుగా బిగించి చుట్టి ఉంది, బెత్తెడు మేర. దాని కింద నారకు డ్రమ్ము తగలలేదు. నీళ్లు పైకి పాకి ఉండొచ్చు గానీ ఆ సన్న పోగులు పాకవు, కిందే ఆగిపోతాయి. నా చుక్కకు బెత్తెడు పోగు చాలు. తాడు విప్పాలి, అంతే.

మేడమ్‌కు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ముడి సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "మా ల్యాబులో ఎవరికీ రాని ఆలోచన వచ్చిందండీ మీ అత్తగారికి" అంది. "నేనే వస్తా. నా ముందు విప్పండి."

*

ఆవిడ వచ్చిన రోజు మబ్బు పట్టి ఉంది. మామయ్య గోదాము ఆసామికి రెండు రోజులు ఆగమని చెప్పారు. కట్టను బల్ల మీద పెట్టాం. నలుగురం చుట్టూ నిలబడ్డాం, ఏదో ఆపరేషన్ చేస్తున్నట్టు.

ముడి రాలేదు. నేను ప్రయత్నించాను, మామయ్య ప్రయత్నించారు. తడిసి ఆరడంతో తాడు బిగుసుకుపోయి రాయిలా ఉంది. గోరు కూడా దూరలేదు. "కత్తిరించేద్దామండీ, తాడుతో మనకేం పని?" అని మేడమ్ కత్తెర తీసింది. మామయ్య సరేనన్నారు. నేను కూడా సరే అనేదాన్నే.

"ఇటివ్వండి" అంది అత్తయ్య.

కట్ట ఎత్తి ముడిని నోటికి పెట్టుకుంది. పక్కపళ్లతో పట్టుకుని, కళ్లు మూసుకుని, మెడ నరాలు తేలేలా లాగింది. ముడి వదులైంది. అత్తయ్య ఒక వరస విప్పింది, రెండో వరస విప్పింది. ఉన్నట్టుండి మొహం చిట్లించి పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మింది.

"ఛీ! సోడా!"

"నోరు కడుక్కోండమ్మా, ముందు నోరు కడుక్కోండి!" అని మేడమ్ కంగారుపడింది.

అత్తయ్య వినిపించుకోలేదు. నాలుక తుడుచుకుంటూనే కట్టను మా మొహాల ముందు ఊపింది. "చూశారా? చూశారా వీడి పని? ముడి విప్పి కడగరా వెధవా, ముడి కింద సోడా ఉండిపోతుంది అని వెయ్యిసార్లు చెప్పా. విన్నాడా? కడిగాలేమ్మా, కడిగాలేమ్మా అంటాడు. ఇదా కడగడం? ఒట్టి బద్ధకం! పుట్టు బద్ధకం! ఎంతసేపూ ఎప్పుడు ఇంటికి పోదామా అని తప్ప..."

ఆగింది. ఎవరి గురించి మాట్లాడుతోందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. మామయ్య నేల చూపులు చూస్తున్నారు. మేడమ్ చేతిలో కత్తెర తెరిచి ఉంది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. కడిగాలేమ్మా అన్నది ఆయన గొంతే, అచ్చం ఆయన సాగదీసినట్టే సాగదీసింది అత్తయ్య. ఇన్ని నెలలుగా జనం చెప్పిన మంచి మనిషి, పద్ధతైన మనిషి ఎవరో నాకు తెలియదు. ముడి కింద కడగని మనిషి నాకు బాగా తెలుసు. ఆయనే పోయారు. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. నవ్వు మధ్యలో ఎప్పుడు ఏడుపైందో గాని బల్ల పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. షెడ్డంతా వినపడేలా ఏడ్చాను. అత్తయ్య నా పక్కనే చతికిలబడి నా తల ఒళ్లోకి లాక్కుంది. ఆవిడ చీరంతా నార వాసన.

మేడమ్ చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా బయటికి వెళ్లి నిలబడింది.

*

ముడి కింద పోగులను మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాం. మైక్రోస్కోపులో మేడమ్ తనే చూసింది. నూగు లేదు. చుక్కలు నేను పెట్టాను. గట్టిపడ్డాక ఆవిడ నా పక్కన కూర్చుని ఒక్కొక్కటి లాగించింది. అత్తయ్య ముల్లు దగ్గరే నిలబడి చూసింది. ఎనిమిదిన్నర వచ్చింది, తొమ్మిది వచ్చింది, మళ్లీ ఎనిమిదిన్నర. గంజి నార తొమ్మిదిన్నర దగ్గరే ఉంది.

"తక్కువ కాలేదండీ" అంది మేడమ్ మామయ్యతో. "పైగా కాస్త ఎక్కువే. కాలవవాళ్లు కూడా ఊరుకుంటారు. ఆర్డరు కాగితం పంపిస్తా."

మామయ్య రెండు చేతులతో మొహం తుడుచుకున్నారు. తర్వాత గోదాము ఆసామికి ఫోను చేయడానికి బయటికి వెళ్లారు. ఆఖరి పోగు లాగేశాక బల్ల మీద పనికిరాని ముక్కల కుప్ప తప్ప, గంజి తగలని ఆయన నార ఇక మిగల్లేదు.

"అయిపోయిందా?" అని అడిగింది అత్తయ్య.

"అయిపోయిందత్తయ్యా."

"తొమ్మిదన్నమాట వాడిది." బల్ల మీది ముక్కలను చేత్తో ఒక దగ్గరికి చేర్చింది. "పోన్లే. ఆ మాత్రం కడుగుడుకి తొమ్మిదంటే ఎక్కువే."

సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. ఆరేసిన నార లోపలికి తెస్తుంటే అన్నయ్య ఫోను. గది సిద్ధంగా ఉందన్నాడు, ఆదివారం బండి వేసుకుని వస్తానన్నాడు.

"మాకు ఆర్డరు వచ్చింది. నేను రావట్లేదన్నయ్యా."

"అదేంటి, మొన్న వస్తానన్నావుగా? ఆర్డరు వస్తే వచ్చింది, అక్కడ నీకెవరున్నారే?"

పంచలో అత్తయ్య నార మోపు మామయ్య చేతికి అందిస్తూ ఇంకా తిడుతూనే ఉంది. ముడి విప్పినప్పటి నుంచి ఆపలేదు. చిన్నప్పుడు పలక విరగ్గొట్టి పక్కింటివాడి మీద చెప్పాడట. తొట్టి దగ్గర చేతులకు తొడుగులు వేసుకోమంటే జేబులో పెట్టుకుని తిరిగేవాడట. మామయ్య ఒక్కో దానికి అవునవునని తల ఊపుతున్నారు.

"మళ్లీ చేస్తా అన్నయ్యా, వాన పడుతోంది" అని పెట్టేశాను. చేతుల్లో నారతో పంచలోకి వెళ్లి, వాళ్లిద్దరి మధ్యకు దూరి, ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్నది బయటపెట్టాను.

"తడి తువ్వాలు ఎప్పుడూ మంచం మీదే పడేసేవారు అత్తయ్యా. నా వైపు."

"నీ వైపేనా?" అంది అత్తయ్య. మామయ్య వంక ఒక చూపు చూసి, నాకు చోటిస్తూ పక్కకు జరిగింది. "కూర్చో. ఇంకా ఏం చేసేవాడో చెప్పు."